ఏడో మడిలో తుంగ

తోటలో అందరూ ఆమెను డేగమ్మ అనేవారు. ఎదురుగా మాత్రం పెద్దమ్మా అని పిలిచేవారు. ఎదురుగా డేగమ్మ అన్నవాడి పని చూడాలి, ఆ పూటంతా వాడి వీపు మీదనుంచి ఆమె చూపు దిగేది కాదు. అసలా పేరు ఊరికే రాలేదు లెండి. నిన్న సాయంత్రం లేని గడ్డిపోచ ఇవాళ పొద్దున ఉల్లిసాలులో వెంట్రుకంత తల ఎత్తినా, గట్టు మీద నడుస్తూ నడుస్తూనే పట్టేసేది.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది. బజారులో తక్కెడ కిందికి తల వంచి చూసేది. ఇంట్లో చక్కెర డబ్బా మీద, చక్కెర ఎంతవరకు ఉందో పెన్సిలుతో గీత గీసి పెట్టేది. ఆ ఇంట్లో ఉండేది ఎవరయ్యా అంటే ఆమె, దర్జీ పనిచేసే మొగుడూ, అంతే. "ఇంకెవరు తింటారే, నేను కాక?" అని ఆయన నవ్వేవాడు. "అదేగా నేను కనిపెడుతున్నది" అనేది ఆమె. ఆ మాట ఆమె నవ్వుతూ అన్నది కాదు.

తోట పన్నెండెకరాలు. తొమ్మిది మళ్ళు. అందులో ఏడో మడి ఆమెది. కాగితం మీద కాదు, ఆమె మనసులో, తోటలో అందరి నోటా. ఇరవై రెండేళ్ళ కింద ఆమె పనిలో చేరినప్పుడు ఏడో మడి తుంగతో పచ్చగా ఉండేదట. తుంగ సంగతి తెలియనివాళ్ళకి చెబుతున్నాను, వినండి. పైన చూస్తే గడ్డిపోచే. కింద మాత్రం వేరుకి వేరు కట్టుకుని నల్లటి గడ్డలు బారులు తీరి ఉంటాయి. పీకితే పోచ చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండి నవ్వుకుంటుంది. పారతో నరికితే ఒకటి రెండవుతుంది. దానికి ఒకటే మందు, మోకాళ్ళ మీద కూర్చుని, జానెడు ఇనుప బొరిగెతో గడ్డ అడుగుదాకా తవ్వి, తెగకుండా ఎత్తడం. ఆమె పదకొండేళ్ళు అలా తవ్వింది. మరో పదకొండేళ్ళు ఆ మడిలో ఒక్క తుంగపోచ లేకుండా కాపలా కాసింది. మిగతా ఎనిమిది మళ్ళూ ఏమైనా కానీ, ఏడో మడిలో వేరేవాళ్ళ పార పడనిచ్చేది కాదు.

అలాంటి తోటలోకి కలుపు మిషను వచ్చింది. రెండు చక్రాలు, వాటి మధ్య గిర్రున తిరిగే ఇనప పళ్ళు, వెనక రెండు పిడులు. దాన్ని నడిపే ఆయనకి నలభై ఏళ్ళుంటాయి. మిషను ఆయనదే. ఎప్పుడు చూసినా చెవి వెనక ఒక స్పానరు. మిషను బుర్రుమనే చప్పుడు విని ఆమె ఆయనకి బుర్రుగాడని పేరు పెట్టింది. పదిమంది రోజంతా చేసే పని ఆయన మధ్యాహ్నం భోజనాల వేళకి ముగించేవాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. డేగమ్మ మాత్రం వంగి ఆ పళ్ళ సందుల్లోకి చూసింది.

"మూడో మడిలో తుంగుందయ్యా. నీ మిషను దాన్ని ముక్కలు చేసి ఊరంతా పంచుతుంది" అంది.

"అందుకే గదా పెద్దమ్మా, మడి మడికీ కడుగుతున్నాను."

"కడిగావో కడిగాననుకున్నావో!"

తోట చూసుకునే మేనేజరమ్మ వయసులో చిన్నదైనా నిదానం గల మనిషి. "సరే, ఈ పంటకి ఏడో మడి పెద్దమ్మకే వదిలేద్దాం. మిషను అందులోకి పోదు. పంట చివర్లో చూసి ఆలోచిద్దాం" అంది. తరవాత గొంతు తగ్గించి, "మీకూ వయసు మీద పడుతోంది కదా పెద్దమ్మా. షెడ్డులో కూర్చుని కూరలు ఏరే పనైతే సుఖంగా ఉంటుంది" అని కూడా అంది.

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. షెడ్డంటే రేకుల కప్పు, ఒక స్టూలు, ఎదురుగా నలిగిన టమాటాల కుప్ప. పదిమంది మధ్య కూర్చుని పుచ్చు వంకాయలు ఏరుతూ పొద్దు పుచ్చాలా? ఏడో మడి పోతే తను ఎవరు? పక్కింటి వాళ్ళకి దర్జీ భార్య. అంతేగా! ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. ఎవరేమన్నా సరే, మడి వదిలేది లేదు.

కానీ మోకాళ్ళు మాట వినడం ఎప్పుడో మానేశాయి. ఆ సంగతి మొగుడికి తప్ప మూడో మనిషికి తెలియదు. ఆయనే పాత ముతక ప్యాంటు గుడ్డతో రెండు మోకాలి మెత్తలు కుట్టిచ్చాడు. "దూది పెట్టనా?" అంటే, "దూది నెలకే అణిగి అట్ట కడుతుంది. ఎండుగడ్డి నేను కూరుకుంటాను. మీరు మూతి మాత్రం పెద్ద కుట్లతో వదిలెయ్యండి, అణిగినప్పుడు విప్పి మార్చుకోవాలి" అంది. మూడో మడి గట్టు మీద పీకి పారేసిన గడ్డి నాలుగు రోజులుగా ఎండుతోంది. దాన్నే గుప్పిళ్ళతో తెచ్చి కూరింది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, బట్టల కింద ఆ మెత్తలు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు మడిలోకి దిగేది. ఎవరైనా వస్తే చెయ్యి నేలకి ఆనించకుండా లేచి నిలబడేది. ఆ లేవడంలో ప్రాణం కళ్ళలోకొచ్చేది. పైకి మాత్రం, "ఏంటి, ఇటొచ్చావు?" అని గదమాయించేది.

మెత్తలు కట్టిన నెలకి ఏడో మడిలో తుంగ మొలిచింది.

ముందు ఒక జత. ఉల్లిసాళ్ళ మధ్య నడిచే బాటలో, పక్కపక్కన రెండు మొలకలు. నాలుగడుగులు పోతే మళ్ళీ జత. ఆ తరవాత మళ్ళీ. పదకొండేళ్ళు! ఇంకెవరి పనిది? రెండు మొలకలు పక్కపక్కన బారులు తీరి పోతుంటే దాని అర్థం చిన్నపిల్లలు కూడా చెబుతారు. రెండు చక్రాల జాడ. ఎవరూ లేనప్పుడు బుర్రుగాడు మిషను తెచ్చి ఏడో మడిలో తిప్పాడు. తుంగ అంటించాడు. ముసలమ్మ కంటికి ఇక ఆనదని మేనేజరమ్మకి చూపించి, మడి గుంజుకుంటాడు. అమ్మ నా కొడకా!

ఎవరికీ చెప్పలేదు. ముందు దొంగని పట్టాలిగా. మడి మొగదల బూడిద చల్లి పెట్టింది, చక్రం పడితే అచ్చు పడుతుందని. మూడు రోజులు చూసింది. పిల్లి అడుగులు పడ్డాయి, కాకి అడుగులు పడ్డాయి, చక్రం పడలేదు. వేరేవాళ్ళైతే అక్కడితో ఊరుకునేవాళ్ళు. ఆమెకు మాత్రం అనుమానం రెట్టింపైంది. "చూశారా, ఎంత జాగ్రత్తపరుడో! బూడిద చూసి మిషను ఎత్తి పట్టుకుని దాటించాడు" అంది మొగుడితో.

"క్వింటాలు బరువే అది! ఒక్కడే ఎత్తాడా?" అన్నాడాయన సూదిలో దారం ఎక్కిస్తూ.

"అయితే ఇంకొకడున్నాడు తోడు."

నాలుగో రోజు మేనేజరమ్మను చెయ్యి పట్టుకుని మిషను దగ్గరికి లాక్కుపోయింది. పళ్ళ సందులో వేలు పెట్టి గీకింది. ఎండిన మట్టితో పాటు ఒక నల్లటి తుంగగడ్డ ఊడి అరచేతిలో పడింది.

"ఇదిగో! ఇంకేం కావాలి సాక్ష్యం?"

"అది మూడో మడిది పెద్దమ్మా, ఇవాళ పొద్దున్నే తిప్పాను. ఇంకా కడగలేదు. ఒట్టు, ఏడో మడిలో నేను కాలు కూడా పెట్టలేదు" అన్నాడు ఆయన.

"కాలెందుకయ్యా, చక్రం చాలదూ?"

మేనేజరమ్మ ఏడో మడికి వచ్చి చూసింది. జతలు జతలుగా తుంగ. ఆమె ముఖం మాడిపోయింది. "మిషను దిగదని మీ అందరి ముందూ మాటిచ్చాను కదా!" అంది ఆయనతో. "రేపు మధ్యాహ్నానికల్లా మిషను తీసుకెళ్ళిపోండి."

ఆయన చెవి వెనక స్పానరు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియనట్టుంది. "ఈ పంటంతా ఇక్కడే పనని రెండు తోటలు కాదనుకున్నానమ్మా. ఇప్పుడు వాళ్ళు వేరేవాళ్ళని పెట్టేసుకున్నారు" అన్నాడు. తరవాత డేగమ్మ వైపు తిరిగి, "నన్ను నమ్మొద్దులే పెద్దమ్మా. కొలిచి చూడు. చక్రాల మధ్య ఎంతుందో, మొలకల మధ్య ఎంతుందో. చేతిలో పుల్లుంటే చాలు" అన్నాడు.

కొలవకేం! మర్నాడు పొద్దున్నే ఒక పుల్ల తీసుకుని మిషను దగ్గరికెళ్ళి కొలిచింది. చక్రాల మధ్య రెండు జానలు. గీత పెట్టుకుని ఏడో మడికి వచ్చింది. మొలకల మధ్య పుల్ల పెట్టింది. జానెడుకన్నా కాస్త ఎక్కువ. అంతే. మళ్ళీ పెట్టింది. రెండో జత దగ్గర పెట్టింది. మూడో జత దగ్గరా అంతే. పుల్లని తిట్టింది. పోనీ దగ్గరగా చూద్దామని మోకాళ్ళ మీద కూర్చుంది. నిన్న నీళ్ళు కట్టిన బాట, నేల మెత్తగా ఉంది. చూసి, కొలిచి, ఓర్చుకుని లేచి నిలబడి వెనక్కి తిరిగింది.

తడి నేలలో రెండు గుంటలు పడి ఉన్నాయి. ఆమె మోకాళ్ళవి. వాటికి ముందు ఒక జత మొలకలు, వెనక ఒక జత. ఎడం సరిగ్గా అంతే.

తరవాత అటూ ఇటూ చూసి, కుడి మోకాలి మెత్త విప్పింది. అడుగున ఒకచోట పెద్ద కుట్టు ఊడి వేలు దూరేంత సందు పడింది. ఎడమదానికీ అంతే. మూతి విప్పి కొంగులోకి దులిపింది. ఎండుగడ్డి రాలింది. గడ్డితో పాటు మట్టి పెళ్ళలు, పెళ్ళల్లో నల్లటి గడ్డలు. నాలుగు రోజుల ఎండకి తుంగ చచ్చిపోతుందని తోటలో అందరికీ నేర్పింది తనే. పెళ్ళ మధ్యలో ఉన్నది ఎండదని ఆమెకు తట్టలేదు. ఒక గడ్డకి తెల్లగా, సన్నగా మొలక కూడా వచ్చి ఉంది. దానికి నీళ్ళు ఎవరు పోశారు? ఆమె చెమటే పోసింది.

తక్కెడని అనుమానించింది, మొగుణ్ణి అనుమానించింది, పరాయివాడి నోటి కాడి కూడు లాగేసింది. ఇన్నేళ్ళలో తనని తాను ఒక్కనాడు అనుమానించలేదు.

నిజం చెప్పాలంటే, ఆ తరవాత ఆమె చేసిన మొదటి పని చెప్పుకోదగ్గది కాదు. ఆ గడ్డలన్నీ మూట కట్టి ఒడిలో దాచుకుంది. ఎవరు చూశారు? మెత్తలు పొయ్యిలో పడేస్తే సరి. బుర్రుగాడు ఇంకో తోట చూసుకుంటాడు. చెప్పిందంటే మాత్రం మోకాళ్ళ సంగతి బయటపడుతుంది. మోకాళ్ళు బయటపడ్డాక స్టూలు, రేకుల షెడ్డు, పుచ్చు వంకాయలు. అలా ఆలోచిస్తూనే మడి గట్టుదాకా నడిచింది. అక్కడనుంచి చూస్తే, ఆయన వ్యాను వెనక రెండు చెక్కలు ఆనించి మిషను ఎక్కిస్తున్నాడు. ఎక్కించేముందు పళ్ళ సందులు పుల్లతో గీకి, నీళ్ళు పోసి కడుగుతున్నాడు. పొమ్మన్న తోటలో మట్టి పొమ్మన్న తోటలోనే వదిలి, శుభ్రంగా కడుగుతున్నాడు.

"దింపవయ్యా" అంది ఆమె దగ్గరికెళ్ళి.

"ఏం పెద్దమ్మా, ఇంకా ఏమైనా దొరికిందా?"

"దొరికింది. దొంగే దొరికింది. మేనేజరమ్మని పిలు."

మేనేజరమ్మ వచ్చాక ఆమె వ్యాను మీద మూట విప్పి పెట్టింది. పక్కన రెండు మెత్తలు పెట్టింది. "ఈ మనిషి ఏం చెయ్యలేదు. మూడో మడి తుంగ నేనే కట్టుకుని తిరిగాను. ఒక్కో అడుగుకీ నేనే నాటాను" అంది. తరవాత ఆయన వైపు తిరిగింది. "నోటికొచ్చినట్టు అన్నాను నాయనా. తప్పు నాది."

ఆయన మెత్త ఒకటి చేతిలోకి తీసుకుని, ఊడిన కుట్టులో వేలు పెట్టి చూశాడు. మేనేజరమ్మ తుంగ వైపు చూడనే లేదు.

"మోకాళ్ళు ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నాయి పెద్దమ్మా?"

"తుంగ సంగతి అడగమ్మా, చెబుతాను."

"మోకాళ్ళ సంగతే అడుగుతున్నాను."

"రెండేళ్ళు" అంది ఆమె తల దించుకుని.

మేనేజరమ్మ తేల్చి చెప్పింది: మిషను ఉంటుంది. కానీ తుంగ ఉన్న మడిలో దాన్ని దింపితే కొంప మునుగుతుంది కాబట్టి, ముందు చేత్తో తవ్వాలి. తవ్వేది పెద్దమ్మ కాదు. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని ఎక్కడుందో చూపించాలి. మడి శుభ్రమైన రోజున షెడ్డుకి మారాలి.

"తవ్వడం నేను చేస్తానమ్మా" అన్నాడు మిషనాయన.

"సరే. ఎన్నాళ్ళు పడుతుంది?"

డేగమ్మకు లెక్క బాగా తెలుసు. ఇంత తొందరగా కనబడ్డ తుంగ, ఇంకా కొత్త గడ్డ పెట్టలేదు. నెల రోజులు చాలు, మహా అయితే నెలా పది రోజులు. చెప్పబోయి నోరు తెరిచింది. ఈలోగా ఆయన అందుకున్నాడు.

"తుంగ కదమ్మా! రెండు మూడు పంటలు పట్టొచ్చు. పెద్దమ్మ కళ్ళు లేకపోతే నావల్ల కాదు."

ఆమె గిరుక్కున తిరిగి ఆయన్ని చూసింది. తక్కెడని చూసినట్టే చూసింది, పైనుంచి కిందిదాకా. ఏం లాభం ఇతనికి? ఎందుకు చెబుతున్నాడు ఈ అబద్ధం? ఆయన స్పానరు చెవి వెనక పెట్టుకుని, బొరిగె ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. ఎంత చూసినా ఆ ముఖంలో ఆమెకు ఏ మోసమూ దొరకలేదు. కళ్ళు మసకబారాయి.

"నిజమేనా పెద్దమ్మా?" అని అడిగింది మేనేజరమ్మ.

"ఏమోనమ్మా" అంది డేగమ్మ. "తుంగని నమ్మలేం."

గట్టు మీద ఒక కూరల పెట్టె బోర్లించి ఆమెకు వేశారు. కూర్చోబోతూ ఆగి, ముందు తన బట్టలు రెండుసార్లు గట్టిగా దులుపుకుంది. అప్పుడు కూర్చుని, మడిలో మోకాళ్ళ మీద వంగిన ఆయన్ని చూసి కేక వేసింది.

"ఏయ్, ఆ జేబులు కూడా దులుపు!"