దారిలో గుచ్చిన కవర్లు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక, పొద్దున్నే పేపరు కూడబలుక్కుని చదవడం నాకు ఇప్పటికీ కొత్త సరదాయే. పనికి వెళ్ళే దారిలో దెబ్బ తగిలినా, ఆ ప్రయాణానికీ పనికీ సంబంధం ఉందని తేలితే నష్టపరిహారం వస్తుందని మొన్న అందులో రాశారు. ఆ సంబంధం ఎలా తేలుస్తారో రాయలేదు. నాకు మాత్రం మా వదిన కాలు గుర్తొచ్చింది.

అప్పట్లో పెనుబల్లి వైపు ఊళ్ళ ఆడవాళ్ళం సత్తుపల్లి దాపున ఒక మొక్కల నర్సరీకి కూలికి వెళ్ళేవాళ్ళం. యజమాని ట్రాక్టరే వచ్చి ఎక్కించుకునేది. ట్రాలీలో కూర్చోగానే మేస్త్రి ఒక్కొక్కరి ఒళ్ళో మొక్కల కవర్ల కట్ట, ఒక దబ్బనం పడేసేవాడు. నీళ్ళు దిగడానికి వాటి అడుగున బొక్కలు గుచ్చుకుంటూ, అత్తల మీద చాడీలు చెప్పుకుంటూ, పడీ పడీ నవ్వుకుంటూ గంట దారి ఇట్టే గడిపేవాళ్ళం.

ఒక వానాకాలం వాగు దాటుతుంటే ట్రాలీ ఒరిగి వదిన కాలు నలిగింది. నెలల తరబడి దవాఖానాలో ఉన్నాక, ఇక గొంతుకూర్చుని పనిచేసే కాలు కాదన్నారు. పని గేటు దగ్గర మొదలవుతుంది, దారి సంగతితో నాకు సంబంధం లేదన్నాడు యజమాని. విషయం ఖమ్మంలో లేబర్ ఆఫీసుకు చేరింది. సాక్షిగా వెళ్ళిన నన్ను, ఆ వేళ ఏం చేస్తున్నారని ఆఫీసరు అడిగాడు.

అబద్ధం చెబితే పాపమని, "ఏం పని లేదు సారూ, ఉత్తగనే ముచ్చట్లు పెట్టుకుంట పోతున్నం" అన్నాను.

యజమాని వకీలు ముసిముసిగా నవ్వాడు. వదిన నా తొడ గిల్లి, "ఉన్న కాలు కూడ ఊడగొడితివి గదనే" అని గొణిగింది.

ఆఫీసరుకు ఏం తోచిందో, గంటసేపు చేతులు ఊరికే ఉంటాయా అన్నాడు.

"చేతులెందుకు ఊకుంటయ్ సారూ? కవర్లు గుచ్చుతయ్."

"ఎవరి కవర్లు?"

"నర్సరీవే."

ఆయన మేస్త్రి వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. మేస్త్రి తల దించుకుని అవునన్నాడు. వకీలు నవ్వు ఆగింది. కొన్నాళ్ళకు వదినకు పరిహారం ఇమ్మని తీర్పు వచ్చింది.

ఆ కబురు విని వస్తున్న బస్సులో వదిన కాలు చాపుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సంతోషపడుతుందనుకుంటే, "అయితే ఇన్నేండ్లు దారి పొడుగూతా మనం పని జేసినమానే?" అంది.

ఆ తరువాత ట్రాలీలో కవర్లు ఇవ్వడం మానేశారు. ఖాళీ చేతులతో ఎందుకో ముచ్చట్లు కూడా సాగేవి కావు. ఇప్పటి కూలి ఆటోల్లో ఎవరి ఫోను వాళ్ళది. వదినకు న్యాయం జరిగింది, దానికి నాకు ఈనాటికీ తృప్తే. కానీ రోజు మొత్తంలో మాది అనుకున్నది ఆ ఒక్క గంటే. అది కూడా మాది కాదని, ఆఫీసరు ముందు నిలబడి నా నోటితోనే చెప్పి రుజువు చేయవలసి వచ్చింది.