గంటకు పది నిమిషాల తప్పు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళ వయసులో, మా ఇంటికి ఎర్ర అంకెల గడియారం ఒకటి వచ్చింది. సౌదీలో డ్రైవరుగా పనిచేసే మా మేనమామ సెలవుకు వచ్చినప్పుడు దాన్ని అమ్మకు తెచ్చి ఇచ్చాడు. ముళ్ళు లేవు, కీ ఇవ్వనక్కరలేదు, ప్లగ్గులో పెడితే చాలు. అప్పట్లో మేము బెంగళూరు నగర్తపేటలో ఎనిమిది కుటుంబాలున్న ఒక వఠారంలో ఉండేవాళ్ళం. మిగతా ఏడు ఇళ్ళవాళ్ళూ వచ్చి చూసి వెళ్ళారు. ఆ సంబరంలో అమ్మ మా పాత అలారం గడియారాన్ని చిన్నత్తకు ఇచ్చేసింది.

అమ్మ అప్పుడే ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. ఐదింటికి లేచి, వంట ముగించి, ఆరున్నర బస్సు అందుకోవాలి. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి టైము సరిచేసి, ఐదింటికి అలారం పెట్టి పడుకుంది. అది మోగేసరికి వాకిట్లో ఎండ పడుతోంది. బస్సు వెళ్ళిపోయింది. గడియారంలో మాత్రం ఎర్రగా ఐదే ఉంది.

"నువ్వే ఏందో నొక్కినావు" అని అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. నేను నొక్కలేదు. గడియారాన్ని బీరువా పైకి, నా చేతికి అందనంత ఎత్తుకు చేర్చింది. రెండోరోజూ అదే జరిగింది. అందని చోట ఉన్నది కాబట్టి నా తప్పు కాదని తేలుతుందనుకున్నాను. నేను ముందే నొక్కి చెడగొట్టానని, ఇప్పుడు దాని ఫలితం అనుభవిస్తున్నామని అన్నది అమ్మ. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు మూడోసారి ఆలస్యమైతే పేరు కొట్టేస్తానన్నాడట.

వఠారంలో వాళ్ళకు మాత్రం మంచి కాలక్షేపం దొరికింది. ఫారిన్ గడియారానికి బెంగళూరు నీళ్ళు పడలేదని ఒకరన్నారు. "నీ తమ్ముని మీద బెంగ పెట్టుకోని అది ఇంకా సౌదీ టైమే చూపిస్తా ఉండాదమ్మా" అని ఇంకొకరు. ఆదివారం పొద్దున అమ్మ దాన్ని పాత సామాన్లవాడికి వేసేద్దామని గుడ్డలో చుట్టింది. తమ్ముడు ఇచ్చింది కదా, చుడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు వచ్చింది పక్కింటి పెద్దమ్మ. ఆమె నగర్తపేటలోనే ఒక గుండీల దుకాణంలో లెక్కపెట్టే పని చేసేది. బడి మూడో తరగతితో ఆగింది. ఆమె దగ్గర ఒక చెక్క పలక ఉండేది. దానిలో వరుసకు పన్నెండు చొప్పున పన్నెండు వరుసల గుంటలు. గుండీలు పోసి పలక ఊపితే గుంటకు ఒకటి చొప్పున నూట నలభై నాలుగు కూర్చునేవి. రెండు గుంటలు అరిగిపోయి వాటిలో గుండీ నిలిచేది కాదు. యజమాని పలక పారేయమన్నా ఆమె పారేయలేదు. ప్రతిసారీ రెండే తక్కువ వస్తుంది కాబట్టి ప్రతిసారీ రెండు చేత్తో వేసేది. ఆమె కట్టిన పొట్లాన్ని ఎవరూ తిరిగి లెక్కపెట్టేవారు కాదు.

"పాప మీద ఏంటికి అరుస్తావు? తప్పు చూపిస్తా ఉండాది, సరే. ఎంత తప్పు?" అని అడిగింది పెద్దమ్మ. వఠారంలో అందరూ తప్పు అన్నవాళ్ళే, ఎంత అన్నవాళ్ళు లేరు.

పెద్దమ్మ గుడ్డ విప్పి గడియారాన్ని మళ్ళీ ప్లగ్గులో పెట్టింది. తన చేతి గడియారంతో సరిచూసి తొమ్మిదికి కలిపింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా బడి పలక, బలపం చేతికిచ్చింది. పదింటికి ఎర్ర అంకెల్లో తొమ్మిది యాభై. పదకొండింటికి పది ముప్ఫై తొమ్మిది. పన్నెండింటికి పదకొండు ఇరవై తొమ్మిది. మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చున్నాం. గంటకు ఒకసారి పది నిమిషాలు, ఒకసారి పదకొండు. అంతకు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "చూడు పాపా, ఎంత నమ్మకంగా తప్పుతా ఉండాదో!" అని నవ్వింది. తొమ్మిది నుంచి ఐదుకు ఎనిమిది గంటలు. గంటకు పదకొండు వేసుకున్నా ఎనభై ఎనిమిది నిమిషాలు. తొంభై అనుకుందాం అన్నది. ఐదులోంచి తొంభై నిమిషాలు తీస్తే మూడున్నర. ఆ తీసివేత నా చేతే చేయించింది.

అమ్మకు నమ్మకం కుదరలేదు గానీ వేరే దారి లేక, ఆ రాత్రి తొమ్మిదికి టైము కలిపి, అలారం మూడున్నరకు పెట్టి మళ్ళీ బీరువా పైకి ఎక్కించింది. సోమవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గడియారాన్ని బీరువా పై నుంచి దించి నా ఒళ్ళో పెట్టింది. పొద్దున పెద్దమ్మ చేతి గడియారం ప్రకారం ఐదుకు ఇంకా ఏడు నిమిషాలు ఉండగానే మోగిందట. "ఇంక రోజూ నువ్వే పెట్టుకో" అన్నది. క్షమించమని అడగటం మా అమ్మకు అలా వచ్చు.

ఆ గడియారం మా ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసింది. దాని వెనుక 'తొమ్మిదికి కలిపితే మూడున్నర' అని చీటీ అంటించాను. కరెంటు పోయి వస్తే ఈ లెక్క చెల్లదని కింద చిన్న అక్షరాలతో రాశాను.

కారణం నాకు చాలా ఏళ్ళ తరువాత, ఒక పాత పుస్తకంలో దొరికింది. సౌదీ కరెంటు సెకనుకు అరవైసార్లు కొట్టుకుంటుంది, మనది యాభై. అరవై దెబ్బలు అయితే ఒక సెకను అని ఆ గడియారానికి నేర్పి పంపారు. ఇక్కడికి వచ్చాక కూడా అది బుద్ధిగా అరవై లెక్కపెడుతూనే ఉంది. పాపం, దాని లెక్క ఎన్నడూ తప్పలేదు. పెద్దమ్మకు ఈ సంగతి తెలియదు. తెలియకుండానే గడియారాన్నీ, నన్నూ కూడా నమ్మింది.

ఇప్పుడు నేను బెళ్ళందూరులో అపార్టుమెంట్ల నీళ్ళ మీటర్ల లెక్క చూస్తాను. మీటరు ఎప్పుడూ తప్పేనని రోజూ ఎవరో ఒకరు కోపంగా వస్తారు. నేను పెద్దమ్మ గొంతు పెట్టి, ఎంత తప్పు అని అడిగి, కాగితం తీస్తాను. ఇంట్లో నా కూతురి మీద అరవబోయినప్పుడు కూడా ఆ ఆదివారం గుర్తొచ్చి నోరు ఆగుతుంది. వస్తువునైనా, పిల్లనైనా చెడిపోయిందని అనే ముందు, తొమ్మిది నుంచి మూడు దాకా దాని పక్కన కూర్చోవాలి.