తాకని మగ్గంలో తెగిన పోగు

ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే, వీడియో గేముల కంపెనీలో రాతపని అంటాను. గేము లోపలి కథ రాస్తాననుకుని ఎదుటివాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపు పోగొట్టడం ఇష్టంలేక కాసేపు ఊరుకుంటాను. నేను రాసేది కథ కాదు. గేము డౌన్‌లోడ్ చేసుకునే పేజీలో ఉండే నాలుగు పేరాలు, ఫోనులో టింగుమని మోగే నోటిఫికేషన్లు. "అంతులేని ప్రపంచం!", "వందల గంటల వినోదం!", "ఈ వారాంతం మాత్రమే!", "మునుపెన్నడూ లేని అనుభవం!" ఈ చివరిది ఇప్పటికి పదకొండు గేములకు రాశాను.

చిక్కేమిటంటే, ఇంటికెళ్ళాక నేనూ గేములు ఆడతాను. ఆడేవాడిగా ఈ మాటల్లో ఒక్కటి కనిపించినా పేజీ మూసేస్తాను. "వందల గంటలు" అంటే నాకు వినోదం కాదు, నోటీసు పీరియడ్ గుర్తొస్తుంది. "ఓపెన్ వరల్డ్" అంటే ఎటైనా వెళ్ళొచ్చని అర్థం. రోజూ బెంగళూరు ట్రాఫిక్‌లో కాడుగోడి నుంచి మహదేవపుర ఆఫీసుకు బస్సులో వెళ్ళేవాడికి ఎటైనా వెళ్ళాలన్న కోరిక ఆ దారిలోనే తీరిపోతుంది. కర్రలూ రాళ్ళూ ఏరుకొచ్చి గొడ్డలి తయారు చేసుకోమనే గేములున్నాయి. మా ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చాలంటే మా ఆవిడ ఎలక్ట్రీషియన్ని పిలుస్తుంది, అదీ నేను ఇంట్లో ఉన్నప్పుడే. ఇక రోజూ రాకపోతే బహుమతి పోతుందని బెదిరించే గేముల సంగతి చెప్పనక్కర్లేదు. నాకు ఇప్పటికే ఒక బయోమెట్రిక్ హాజరు ఉంది.

అంటే ఆఫీసులో విశేషణాలు వండుతాను, ఇంట్లో వాటికి ఉపవాసం ఉంటాను. విశేషణాలు పెరిగినచోట విశేషం తగ్గుతుందని తెలిసే వండుతాను. ఇన్నేళ్ళలో దీనివల్ల ఎవరికీ నష్టం జరిగినట్టు నేను కళ్ళతో చూడలేదు. ఒక్కసారి మాత్రం చూశాను.

ఆఫీసులో నా పక్క కుర్చీలో ఆరేళ్ళు కూర్చున్న ప్రోగ్రామరు ఒకడున్నాడు. బెంగళూరులో తరాలుగా స్థిరపడిన తెలుగు నేతవాళ్ళ ఇంటివాడు. మొదటిరోజు నన్ను "ఏం మగా" అని పలకరిస్తే, నేను ఆడో మగో నిర్ధారణ చేసుకుంటున్నాడేమో అనుకున్నాను. కన్నడంలో అది మన "ఒరేయ్" లాంటిదని తర్వాత తెలిసింది. కిందటేడు వాడు ఉద్యోగం మానేసి సొంతంగా గేము మొదలుపెట్టాడు.

ఆ గేము వాళ్ళమ్మ కోసం. పాత పేటలో వాళ్ళ ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం. దాని మీద ఆమె నలభై ఏళ్ళు నేసింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నాక వీళ్ళు సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తుకు వచ్చారు. మూడో అంతస్తులో గుంట తవ్వితే రెండో అంతస్తువాళ్ళ హాల్లో కాళ్ళు వేలాడతాయి. మగ్గం రాలేదు. ఆమె మాత్రం టీవీ ముందు కూర్చున్నా కుర్చీ చేతుల మీద వేళ్ళు కదిలిస్తూనే ఉండేదట, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి.

కాబట్టి వాడు ఫోనులో మగ్గం పెట్టాడు. వేలితో తోస్తే, పోగును మోసుకెళ్ళే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. పోగు పక్కన పోగు పడుతుంది. అంచు, బుటా, కొంగు అన్నీ మనమే నిర్ణయించుకోవాలి. తప్పు పడితే వెనక్కి విప్పుకోవచ్చు. అంతకుమించి ఏమీ లేదు.

"అమ్మ ఇష్టంగా ఆడితేనే దీన్ని బయటికి వదుల్తా మగా. అమ్మ పక్కన పెట్టిందంటే నేనూ పక్కన పెట్టేసి మళ్ళా ఉద్యోగం చూసుకుంటా," అన్నాడు.

ఆమె మొదటిరోజు నుంచే నేసింది. అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ వాడు డౌన్‌లోడ్ పేజీకి నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నాడు. నన్ను నాలుగు ముక్కలు అడిగితే ఐదోది ఉచితంగా ఇస్తాను.

"ఇలా వదిలేస్తే జనం ఒకసారి చూసి వెళ్ళిపోతారు. రోజూ రప్పించాలి," అన్నాను. వరసగా ఎన్ని రోజులు నేస్తే అన్ని కొత్త రంగులు. దానికో లెక్క. మధ్యలో రోజు తప్పితే తెరమీద ఒక పోగు టప్పుమని తెగిపోయి లెక్క సున్నాకి వస్తుంది. పోగు తెగే బొమ్మ ఆలోచన నాదే. బాగా కుదిరిందని ఆ వారమంతా నన్ను నేనే మెచ్చుకున్నాను. రోజులో మూడు నోటిఫికేషన్లు కూడా రాశాను. ఇంట్లో గిన్నె ముట్టనివాడు పెళ్ళిలో వంటవాళ్ళకు సలహాలిచ్చినట్టు, నేను పారిపోయే సరుకునంతా వాడికి ప్రేమగా అంటగట్టాను.

ఇరవై ఆరు రోజులు ఆమె వరసగా నేసింది. తర్వాత ఫోను తీసి టీవీ పక్కన పెట్టేసింది. మళ్ళీ ముట్టలేదు.

కారణం చెప్పలేదు. వాడు అడిగితే "బాగుండాదప్పా" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. రంగులు నచ్చలేదేమోనని వాడు రంగులు మార్చాడు. చప్పుడు నచ్చలేదేమోనని ఇంకా ఆ పాత వీధిలోనే నేస్తున్న బంధువుల ఇంటికి వెళ్ళి అసలు మగ్గం చప్పుడు రికార్డు చేసుకొచ్చి పెట్టాడు. అయినా ఆమె తీయలేదు. రెండు వారాలు గడిచాక నాకు ఫోను చేసి, "పాత మేనేజరుతో మాట్లాడినా మగా. సీటు ఉండాదంట," అన్నాడు. ఆ గొంతు విన్నాక శనివారం మధ్యాహ్నం బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

ఆమె ఉప్పిట్టు పెట్టింది. మా ఇళ్ళల్లో ఉప్మా అనేదాన్ని పేరు మార్చి పెడితే రెండోసారి కూడా వేయించుకోవచ్చని నాకు బెంగళూరు నేర్పింది. ప్లేటు పట్టుకునే అడిగేశాను.

"అమ్మా, ఆ మగ్గం ఆట ఎందుకు మానేశారు?"

"యాలప్పా అట్ల అడుగుతావు? బాగుండాదని చెప్తానే ఉండా కదా."

"బాగున్నదాన్ని ఎవరూ మానరు కదమ్మా."

"ఇంకొంచెం ఉప్పిట్టు వెయ్యనా?"

నా స్నేహితుడు లాప్‌టాప్ మూశాడు. "చెప్పమ్మా. వీడు మనోడే. రంగు బాలేదా, సద్దు బాలేదా?"

"రంగు బాగుండాది. సద్దూ బాగుండాది." ఆమె కుర్చీలో కూర్చుని కొడుకు వైపు తిరిగింది. "ఒకటి అడుగుతా, చెప్పు. ఆ దినం నేను మగ్గం తాకనే లేదు. తాకని మగ్గంలో పోగు ఎట్ల తెగుతాది? ఎవురు తెంపినారు?"

వాడు మూసిన లాప్‌టాప్ మళ్ళీ తెరిచాడు. నేను ఇంకో ముద్ద ఉప్పిట్టు నోట్లో పెట్టుకున్నాను.

"పొద్దున్నుంచీ పిలుస్తానే ఉండాది," అంది ఆమె. "నీ మగ్గం ఎదురు చూస్తా ఉండాదని ఒక తూరి. ఇంక ఆరు గంటలే ఉండాదని ఒక తూరి. అమావాస్య నాడు మగ్గం మీద చెయ్యి పెడతారా ఎవురైనా? మా అత్త ఉండింటే ఆ ఫోను బావిలో పడేసుంటాది."

నా స్నేహితుడు లేచి గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళాడు. ఒక గడి మీద వేలు పెట్టాడు. నల్లటి చంద్రుడి గుర్తు. నాకేసి చూడకుండానే అన్నాడు:

"చిన్నప్పుడు మాకు ఆదివారం సెలవని తెలీదు మగా. వీధంతా సద్దు లేదంటే అమావాస్య అని. ఆ దినం ఒక మగ్గం కూడా ఆడదు. ఎట్ల మరిచిపోయినానో."

వాడు మరిచిపోయాడు. నాకు తెలియనే తెలియదు. మగ్గం మీద గేము చేసిన ఇద్దరు మొనగాళ్ళం, మగ్గానికి నెలకో సెలవుందన్న సంగతి వదిలేశాం.

"ఎవురప్పా రాసింది ఆ మాటలు?" అని అడిగింది ఆమె.

వాడు నిజమైన స్నేహితుడు. పైకి, ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను రాయలేదని ముగ్గురికీ తెలుసు.

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "నువ్వా? చూస్తే మంచోడి మాదిరి ఉండావే."

"జనం రోజూ రావాలని అలా పెడతారమ్మా."

"దినామూ వచ్చేదానికి అదేమన్నా పాలప్యాకెట్టా? నలభై ఏండ్లు నేసినా. నెలకొక దినం మగ్గానికి సెలవు, నాకూ సెలవు. మరుసటి దినం పోయి కూర్చుంటే చెయ్యి దానంతట అదే ఆడతాది. సెలవియ్యని మగ్గం కాడికి ఎవురు మళ్ళా వస్తారు?"

మా ఆఫీసులో ఇదే ప్రశ్న మీద మూడు నెలలకోసారి మీటింగు జరుగుతుంది. ఇంత పొట్టిగా ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే వాడు లెక్క తీసేశాడు. నేను నా మూడు నోటిఫికేషన్లనూ నా చేత్తోనే చెరిపాను. తెగే పోగు బొమ్మ తీసేటప్పుడు కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు. తర్వాత వాడు ఇంకో అడుగు వేశాడు. అమావాస్య రోజు గేము ఎవరికీ తెరుచుకోకుండా చేశాడు. ఆ రోజు మగ్గం మీద తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. నేను పనిచేసే లోకంలో ఇలాంటి మాట పైకి అంటే భుజం మీద చెయ్యేసి ఇంటికి పంపుతారు.

"అమ్మా, నీ ఇరవై ఆరు దినాల లెక్క వెనక్కి ఇచ్చేస్తా," అన్నాడు వాడు.

"లెక్క నాకేంటికి? నేసింది ఉండాదా లేదా చూడు."

వాడు తెరిచి చూపించాడు. చీర ఆమె ఆపినచోటే ఉంది. ఆమె కళ్ళజోడు తెచ్చుకుంది. అంచులో ఒకచోట తప్పు కనిపించి నాలుగు పోగులు విప్పింది. మళ్ళీ నేయడం మొదలుపెట్టి, మేమున్న సంగతి మరిచిపోయింది. వాడు సీటు వద్దని పాత మేనేజరుకు మెసేజి పెట్టడానికి బాల్కనీలోకి వెళ్ళాడు. లోపలికి వచ్చేటప్పటికి వాడి నడక తేలికైంది.

డౌన్‌లోడ్ పేజీ మిగిలింది. నా పాత నాలుగు పేరాలు ఆమెకు చదివి వినిపించాను. "మునుపెన్నడూ లేని అనుభవం" దగ్గర ఆమె తలెత్తి, "మునుపు లేకుండా ఏమి? నేను నేసినా కదా," అంది. మరి ఏమని రాయమంటారని అడిగితే, నాడె ఆపకుండా చెప్పింది: "చీర నేస్తారు. తప్పు పడితే విప్పుకోవచ్చు. అమావాస్యకి సెలవు. సాకు." చివరి మాట కన్నడం, చాలని. దాన్ని వదిలేసి మిగతాది అలాగే పెట్టాను. నా పేరుమీద చెలామణి అవుతున్న మంచి రాత అదొక్కటే, అదీ నాది కాదు.

విడుదల తేదీ నేనే చూశాను. ఎప్పుడూ పోటీ కంపెనీల తేదీలు చూసేవాణ్ణి, ఈసారి గోడ క్యాలెండరు చూశాను. జనం విరగబడి రాలేదు. వచ్చినవాళ్ళు మాత్రం తాము నేసిన అంచుల ఫొటోలు ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

మొదటి అమావాస్య రోజు ఆఫీసుకు వెళుతూ బస్సులో అలవాటుగా గేము తెరిచాను. తెల్లగుడ్డ. ఇంతలో వాడు ఫోను చేశాడు. ఎవరో ఫిర్యాదు పెట్టారట, గేము చెడిపోయింది, తెరుచుకోవడం లేదని.

"ఏదైనా బాగా రాసియ్యి మగా."

నేను మూడు విశేషణాలతో సిద్ధమయ్యాను. వాడి వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "రేపు రమ్మని రాయప్పా."

"రేపు రండి" అని రాసి పంపాను. ఈ ఉద్యోగంలో ఆశ్చర్యార్థకం లేకుండా నేను రాసిన మొదటి వాక్యం అది.

మధ్యాహ్నం భోజనాల వేళ వాడికి మెసేజి పెట్టాను, అమ్మ ఏం చేస్తోందని. కాసేపటికి జవాబు వచ్చింది.

"టీవీ ముందర నిద్రపోతా ఉండాది మగా. వేళ్ళు కూడా ఆడిస్తా లేదు."