గేటు షెడ్డులో లేవని కంప్యూటరు

మొన్న బ్యాంకులో కౌంటరు దగ్గరి అమ్మాయి, కంప్యూటరు బిగుసుకుపోతే తెర మీదే రీస్టార్ట్ నొక్కేసి, పక్కామెతో చీర రంగు గురించి మాట్లాడుకుంటూ కూర్చుంది. ఆ కబురు తెమిలేలోగా అది తనంతట తానే లేచింది. ఆమె దానివైపు చూడనైనా లేదు. నా కడుపులో మాత్రం పాతికేళ్ళనాటి మంట మళ్ళీ రాజుకుంది.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరుని తెర మీంచి మళ్ళీ మొదలవమంటే ఆగడమైతే ఆగేది గాని చాలాసార్లు లేచేది కాదు. నల్లటి తెర, తిరిగే ఫ్యాను, అంతే. ఎవరో ఒకరు వెళ్ళి బటను నొక్కాల్సిందే. పోర్టులో సరుకు రవాణా చూసే మా ఆఫీసులో ఆ ఒకరిని నేనే. దూరాన గేటు షెడ్డులో లారీలకి పాసులిచ్చే మెషీను పడుకుందంటే లారీలు బారులు తీరేవి, నేను స్కూటరు మీద బొగ్గు దుమ్ములో వెళ్ళేదాకా డ్రైవర్లంతా నా దారే చూసేవారు. నిజం చెప్పొద్దూ, ఆ ఎదురుచూపులంటే నాకు ప్రాణం.

ఆ ఆఫీసులోకి మా బావమరిదిని చేర్పించింది కూడా నేనే. తగరపువలస నుంచి రోజూ బస్సులో వచ్చే అతను, మూడు నెలలు ఏవో పుస్తకాలతో కుస్తీ పట్టి, మెయిన్ ఆఫీసులో కూర్చున్న చోటినుంచే షెడ్డు మెషీనుని లేపే చిన్న ప్రోగ్రాము రాశాడు. "ఒక్కో మెషీను ఒక్కోలాగ సెబితే ఇంటాది బావ. కీబోర్డు చిప్పు ద్వారా సెప్పి సూడాలి, లేవలేదా, ఇంకో దారిలో సెప్పాలి," అన్నాడు. నాకా మాటలు సగమే అర్థమయ్యాయి. నా అవసరం తీరిపోతోందన్న సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది.

పెద్ద ఆఫీసరు ముందు చూపించే రోజు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి, మెషీనులో నా ఫ్లాపీ ఒకటి పెట్టి వచ్చాను. లోపల ఫ్లాపీ ఉంటే అది ముందు దాన్నే చదవబోయి అక్కడే ఆగిపోతుందని నాకు తెలుసు. అలాగే ఆగింది. ఆఫీసరు పెదవి విరిచాడు. బావమరిది ఎండలో తనే షెడ్డుకి పరిగెత్తి, అరగంటకి చెమటతో తిరిగొచ్చి, "నాదే పొరపాటు సార్, ముందుగా సూసుకోలేదు," అని మళ్ళీ చేసి చూపించాడు. ఈసారి లేచింది. ఆ నెలలోనే కంప్యూటర్లన్నీ అతని చేతికిచ్చారు.

ప్రోగ్రాము చూపించిన రోజు సాయంత్రమే ఆఫీసు మెట్ల దగ్గర, నా రాతతో చీటీ అంటించిన ఫ్లాపీని నా చేతిలో పెట్టి, "నీదే గదా బావ, దుమ్ములో పాడైపోద్ది," అన్నాడు. అంతే. వాళ్ళ అక్కకి కూడా అతను ఈనాటికీ చెప్పలేదు. అతని తెలివిని చూసి ఓర్వలేకపోవడం కొన్నేళ్ళకి తగ్గింది గాని, ఆ మాట అన్న మనసుని చూస్తే ఇప్పటికీ ఓర్వలేను.

ఈనాటి యంత్రాల్ని లేపడానికి మనిషి వెళ్ళక్కర్లేదు, మంచిదే. అప్పుడు షెడ్డు దాకా అంత దారి ఉండేది, తప్పు చెయ్యాలా వద్దా, చేసినవాడి పేరు చెప్పాలా వద్దా అని ఆలోచించుకునేంత దారి. ఆ దారిలో నేను వెళుతూ ఆలోచించలేదు. అతను వస్తూ ఆలోచించాడు.