తోరణాల కింద జ్యోతి నడక

మదనపల్లె టమాటా మార్కెట్లో నేను లెక్కలు రాసే గదిలో కరెంటు పోయినప్పుడల్లా కొవ్వొత్తి వెలిగిస్తాను, కరెంటు రాగానే ఊది ఆర్పేస్తాను. ఆరిన వత్తి నుంచి లేచే ఆ మైనపు కమురు ముక్కుకు తగిలిన వెంటనే నా చెయ్యి దానంతట అదే పాపిట మీదికి పోతుంది. జుట్టు పదిలంగా ఉందని తడిమి చూసుకున్నాకే మళ్ళీ కూడికల్లో పడతాను.

నా చిన్నప్పుడు పుంగనూరు దారిలో ఉన్న మా పేటలో డిసెంబరు అంటే పళ్ళు టకటకలాడించే చలి, మంచులో పైకి లేవలేక నేలబారున పాకే వేరుశనగ పొట్టు పొగ, ఇంటింటా క్రిస్మస్‌కు నిప్పట్లు కాలే నూనె వాసన, బోదగడ్డి కప్పిన మా చర్చిలో గొంతులు పగిలేదాకా పాటలు. ఆ రోజుల్లో స్వీడన్ నుంచి ఒక నర్సు వచ్చి, జీతం తీసుకోకుండా, పేట పక్కనున్న చిన్న వైద్యశాలలో పనిచేసేది. మేమంతా సిస్టరమ్మ అనేవాళ్ళం. మా అవ్వ అక్కడ ఊడ్చి తుడిచేది, అవ్వ వెంట నేను. సిస్టరమ్మ మా సంగటి ముద్ద చేత్తో తిన్నది, మా నిప్పట్లు వత్తింది, చివరికి ఒకనాడు, ఇక మా ఊరి పండగ మీకు చూపిస్తానన్నది. వాళ్ళ దేశంలో చలికాలం పొద్దు పొడిచినట్టే పొడిచి గూకుతుందట. ఆ చీకట్లో, లూసియా అనే పుణ్యవతి పేరిట పండగ చేసే రోజు తెల్లవారుజామున, తెల్లగౌను వేసుకున్న పిల్ల నెత్తిన వెలిగే కొవ్వొత్తులతో పాడుకుంటూ నడుస్తుందట. ఆ పిల్లగా నన్ను ఎంచుకున్నది.

పుంగనూరులో రేకుల పని చేసే ఖాదర్ సాయబు నా తలను దారంతో కొలిచి, కొవ్వొత్తులు నిలిపే బుడ్ల సంగతి విని, "కిరీటం చేస్తా గానీ అవ్వా, దానికి అయిదు బుడ్లు యాల? పాప నెత్తిన చాయ్ కాస్తారా?" అని నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

ఆ తెల్లవారుజామున అవ్వ పండగ పూట ఎప్పుడూ చేసినట్టే నా తలకు కొబ్బరినూనె కారేటట్టు పట్టించింది. జడ వేశాక గానీ ఆ నూనె తల మీదే మంటలు పెట్టబోతున్నామని ఆమెకు తట్టలేదు. వెంటనే పాతచీర పేలిక నీళ్ళలో ముంచి, పిండి, కుదురులా చుట్టి నా నెత్తిన పెట్టి, దాని మీద కిరీటం ఉంచింది. నేను చర్చి చూరు కింద వంగి లోపలికి వచ్చాక సిస్టరమ్మ గుమ్మంలోనే అయిదు వత్తులూ వెలిగించింది. పాట మొదలైంది. నాలుగడుగులు వేశాక పైకి చూశాను.

ముందురోజు రాత్రి పేట కుర్రవాళ్ళు సిస్టరమ్మను సంతోషపెట్టాలని, ఆమెకు చెప్పకుండా, చర్చినిండా రంగుకాగితాల తోరణాలు కట్టేశారు. మంచుకు పురికొస సాగి తోరణాలు కిందికి వేలాడుతున్నాయి. ఎవరూ నేర్పకుండానే చింతగింజలతో లెక్కలు నేర్చుకున్నదాన్ని, కంటితోనే కొలిచాను. మంట మొనకూ కాగితానికీ మధ్య బెత్తెడు. నడిమి తోరణం దగ్గర అదీ లేదు. వెనక్కి పోదామంటే గడ్డిచూరు, పైగా గుమ్మం నిండా చిన్నపిల్లలు. వేడికి కాగితం అంచు వణుకుతోంది. నా పాట ఆగిపోయింది. సిస్టరమ్మ పరుగున వచ్చి వత్తులు ఊదబోయింది.

"ఊదద్దండి, కిరీటం ముట్టద్దండి సిస్టరమ్మా, మంట పైకి ఎగుస్తాది!" అంటూ అవ్వ వెనక వరసలో నుంచి లేచి వచ్చింది. నా ఎదట నిలబడి, మోకాళ్ళు సడలించి, మెడా వెన్నూ నిలువుగా ఉంచి, పాదాలు నేలకు రాస్తూ వెనక్కి నడిచింది. "ఇట్ల నడువు మే. మోకాళ్ళే ఒంగాల, మెడ కాదు. పైకి సూడద్దు, నన్ను సూడు."

నేను వంగాను. జానెడు తగ్గాను. మైనం బొట్టు తడిగుడ్డ మీద సుయ్యిమంది.

"గంగమ్మ జ్యోతి నడక గదా అది!" అని చీకట్లో ఎవరో ముసలామె గుసగుసలాడింది. అవ్వ అడుగు ఒక్క క్షణం తడబడింది. పెళ్ళయ్యి చర్చిలో చేరినప్పటి నుంచీ తన పుట్టింటి జాతర మాట అవ్వ నోట ఎవరూ వినలేదు, నేనూ వినలేదు. ఇప్పుడు పాస్టరయ్య ఎదటే, అందరి నడుమ.

"ఇంకా ఒంగు మే. ఒస్తాంది నడిమిది." నేను ఇంకా కిందికి దిగాను. కాగితం నెత్తి మీదుగా పోయిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

తోరణాలు లేని బల్ల దగ్గరికి చేరగానే సిస్టరమ్మ పాలిపోయిన ముఖంతో అయిదు వత్తులూ వేళ్ళతో నలిపేసింది. "అవ్వా, ఈ నడక మీరు ఎక్కడ నేర్చుకున్నారు?"

అవ్వ చుట్టూ చూసింది. "మా ఊర్లోనేమ్మా. కుప్పం పక్క, శాంతిపురం కాడ. పిండిజ్యోతి నెత్తిన పెట్టుకోని గంగమ్మ గుడికి నడిస్తి," అని అందరికీ వినబడేటట్టు చెప్పింది.

అందరూ పాస్టరయ్య వైపు తిరిగారు. ఆయన తలెత్తి తోరణాలు చూశాడు. "ముందు ఆ కాగితాలు ఇప్పండప్పా," అన్నాడు.

ఆ సాయంత్రం వైద్యశాల వాకిట్లో సిస్టరమ్మ నెత్తిన కుదురు, కుదురు మీద నీళ్ళచెంబు. నీళ్ళన్నీ మెడ మీద పోసుకుంటున్న ఆమెను చూసి అవ్వ పొట్ట పట్టుకొని నవ్వింది. ఊరికి వెళ్ళేటప్పుడు సిస్టరమ్మ కుదురు తీసుకుపోయింది, కిరీటం మాకు ఇచ్చింది.

ఇప్పుడు చర్చికి కాంక్రీటు కప్పు, పిల్లల నెత్తిన బ్యాటరీ దీపాలు. గడ్డి లేదు, పొట్టు పొగ లేదు, అవ్వ లేదు, కిరీటం రేకు తుప్పు పట్టింది. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి పట్టుకొని మార్కెట్ గది గుమ్మం దాటేటప్పుడు నా మోకాళ్ళు మాత్రం ఇప్పటికీ వాటంతట అవే సడలుతాయి. ఆ గుమ్మం నా తలకు మూరెడు ఎత్తున ఉంది.