పెళ్ళిగుర్రం కాలి మీది ఎరుపు

నేను ఎవరికీ ఇంతవరకూ చెప్పని మాట ఒకటుంది. నా బతుకులో నన్ను నమ్మి, తనంత తానుగా వచ్చి నా భుజం మీద తల ఆనించిన మొదటి ప్రాణి ఒక తెల్లటి ఆడగుర్రం. అదీ ఢిల్లీ కరోల్ బాగ్‌లో, నడివీధిలో, మా వాళ్ళూ పరాయివాళ్ళూ గుమిగూడి చూస్తుండగా. అన్నం తిన్నంత అలవాటుగా డైరీ రాసుకునే నేను, ఆ రోజు పేజీలో మాత్రం ‘అన్నయ్య పెళ్ళి అయింది’ అని ఒక్క ముక్క రాసి మూసేశాను. సిగ్గుతో అంతకన్నా రాయడానికి చెయ్యి రాలేదు.

మొన్న ఆదివారం ఢిల్లీ పక్కన వైశాలిలో అన్నయ్య ఇంట్లో భోజనాలయ్యాక, మేనకోడలు ఆ పాత పెళ్ళి క్యాసెట్‌ని ఫోన్‌లోకి ఎక్కించుకొచ్చి అందరికీ చూపించింది. గుర్రం ముందుకాళ్ళు ఎత్తి లేచే చోటికి రాగానే ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ మళ్ళీ వేసింది. అన్నయ్య, వదిన, చివరికి పొట్ట చేత్తో పట్టుకుని నాన్న కూడా నవ్వారు. అంతలో ఆ పిల్ల బొమ్మని పెద్దది చేసి, “బువా, ఘోడీ కే పైర్ పే యే క్యా హై? ఖూన్?” అంటూ, గుర్రం కాలి మీద ఆ ఎరుపేమిటి, రక్తమా అని అడిగింది. కుంకుమ అన్నాను. అన్నానే గాని, ఆ తర్వాత పెట్టిన పాయసం ముట్టకుండా పక్కన పెట్టేశాను.

తొంభైల మొదట్లో అన్నయ్యా నేనూ కరోల్ బాగ్‌లో ఒక మేడమీది గదిలో ఉండేవాళ్ళం. అశోకా రోడ్ దగ్గర ఒక ఆఫీసులో నేను టైపిస్టుని. ఫోన్ మోగితే ఎత్తాల్సి వస్తుందేమోనని బల్ల దగ్గర్నుంచి లేచిపోయే రకాన్ని. వీధిలో నడిస్తే గోడవారనే, చేతివేళ్ళు ఇటుకలకి రాసుకుంటూ నడిచేదాన్ని. నవలలకి వార్తాపత్రిక అట్ట వేసుకుని చదివేదాన్ని, ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలి గనక. మన తరంలో ఇలాంటి ఆడపిల్లలు ఇంటికొకరు ఉండేవారు, మీలోనూ కొందరు ఉండే ఉంటారు.

అన్నయ్య తన ఆఫీసులోనే పనిచేసే పంజాబీ అమ్మాయిని చేసుకుంటానన్నాడు. నాన్న చాలాకాలం మాట్లాడటం మానేసి, చివరికి దిగివచ్చారు. వదిన నానమ్మ ఒక్క షరతు పెట్టింది: పెళ్ళికొడుకు ఆడగుర్రమెక్కి రావాలి, ఎక్కినవాడు తమ గుమ్మం దగ్గరే దిగాలి. దారిలో దిగినవాడు వెనక్కి పోవాల్సిందే, అది వాళ్ళకి పెద్ద అపశకునమట. అదెంత భాగ్యమని మేమంతా నవ్వుకున్నాం.

పెళ్ళికి అమ్మా నాన్నలతో తెనాలి నుంచి మేనత్త వచ్చింది. అన్నయ్యని ఎత్తుకు పెంచింది ఆవిడే. చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి కావడంతో శుభకార్యాల్లో ఏ పనికీ చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. దిష్టి తియ్యడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు గనక, ఒక బూడిదగుమ్మడికాయని తువ్వాలులో చుట్టి రైల్లో దారంతా ఒళ్ళో పెట్టుకు తెచ్చింది. మీరు ఆగ్రా మీదుగానే కదా వచ్చారు, అక్కడ పేఠా మిఠాయి చేసేది ఈ కాయతోనే అని అన్నయ్య ఏడిపిస్తే, “మిఠాయి కాయకి దిష్టేం పోతుందిరా సన్నాసీ, మన పెరటి కాయకైతేనే పోయేది” అంది. ఆ పెళ్ళి మొత్తంలో ఆవిడ వంతు అదొక్కటే.

గుర్రాన్ని వెంటబెట్టుకుని వదిన మేనమామ వచ్చాడు, మాకు వాళ్ళ పద్ధతులు చెప్పడానికి. జరీ గుడ్డ కప్పిన ఆ గుర్రం బాజాలకీ బాణసంచాకీ అలవాటుపడి, మాకన్నా నిబ్బరంగా నిలబడింది. అన్నయ్య గుర్రమెక్కాక, బయలుదేరే ముందు పెళ్ళికొడుకు చెల్లెలు నానబెట్టిన శనగపప్పు గుర్రానికి తినిపించాలట. నన్ను ముందుకి తోశారు. వీడియో దీపం మొహాన పడేసరికి, గుప్పిట సగం మూసే ఉంచి చెయ్యి చాచాను. గుర్రం మూతి వెనక్కి తీసుకుంది. “అరే, యే తో ఘోడీ సే భీ శర్మాతీ హై!” అని ఎవరో అరిచారు. గుర్రాన్ని చూసి కూడా సిగ్గుపడుతుందట ఈ పిల్ల! వీధి వీధంతా నవ్వింది.

అప్పుడే మేనత్త వచ్చింది. అమ్మ చేత కుంకుమ నింపించిన కాయ మీద కర్పూరం వెలిగించి, గుర్రం మొహం ముందు తిప్పి, దాని కాళ్ళ ముందు ఠప్పున పగలగొట్టింది. తెనాలిలో కారుకైనా, కొత్త ఇంటికైనా అలాగే కొట్టేది. కంటి పక్కన మంట, కాళ్ళ కింద ఆ చప్పుడు, గుర్రం ఒక్కసారిగా లేచింది. అన్నయ్య మొహం మీది పూలతెర తలపాగాతో సహా ఎగిరి కాలవలో పడింది. వాడు జారి, దాని మెడని కావలించుకుని వేలాడాడు. బ్యాండు ఆగిపోయింది.

“బుద్ధుందా నీకు? ఇది తెనాలి అనుకున్నావా?” అని నాన్న అంతమంది ముందు అక్కగారి మీద అరిచారు. మేనత్త కొంగు తలమీదికి లాక్కుని గోడపక్కకి, నేను రోజూ నడిచే ఆ గోడపక్కకే తప్పుకుంది. గుర్రం మాత్రం ఎవరు దగ్గరికొస్తే వాళ్ళ నుంచి వెనక్కి పోతూ గడగడ వణుకుతోంది. దాని యజమాని ఒకవైపు, మేనమామ ఒకవైపు కళ్ళెం లాగుతున్నారు. ఎలాగో సర్దుకుని కూర్చున్న అన్నయ్య దిగి నడిచి వస్తానని కాలు తీయబోతే, “ఉతర్‌నా మత్ బేటా! దాదీ నహీ మానేంగీ!” దిగితే నానమ్మ ఒప్పుకోదంటూ మేనమామ వాడి మోకాలు పట్టుకుని ఆపాడు. వాడు దిగితే నాన్న చాలాకాలానికి ఒప్పుకున్న పెళ్ళి ఆ వీధిలోనే ముగిసిపోతుంది. ముందు ఆ దీపం ఆర్పమని మేనమామ కేకేస్తే వీడియో దీపం ఆరింది, లాగేవాళ్ళు కూడా అలిసి చేతులు వదిలారు.

నేను ఉన్నచోటే ఉన్నాను. తల వంచుకుని, ఎవరి మొహమూ చూడలేక, అరచేతిలో తడి పప్పుతో. అది నిబ్బరం కాదు. భూమి చీలితే అందులోకి పోదామనుకునేంత సిగ్గు. మెడ మీద వెచ్చని ఊపిరి తగిలింది. తర్వాత బరువు. ఆ వణుకు దానిదో నాదో తెలియలేదు. బిగబట్టిన ఊపిరి నేను వదిలితే, అదీ వదిలింది. అప్పటికి నా గుప్పిట ఎప్పుడో విచ్చుకుపోయింది గనక, మెత్తని పెదవులతో పప్పంతా తినేసింది. కళ్ళెం కిందికి వేలాడుతోంది, వెనక వీధంతా ఖాళీ, పరిగెత్తితే ఆపేవాడు లేడు. అది పోలేదు.

నిలబడి చూపులు భరించడం కన్నా నడవడం నయమనిపించి ఒక అడుగు వేశాను. అదీ వేసింది. అలా వధువు గుమ్మం దాకా వీధి మధ్యలో నేను ముందు, అది వెనక. కళ్ళెం నేను పట్టుకోలేదు. అన్నయ్య గుమ్మం దగ్గరే దిగాడు. వదిన నానమ్మ తలపాగా లేని వాడి తల చూసి ముక్కు మీద వేలేసుకున్నా, హారతి మాత్రం ఇచ్చింది.

దీపం ఆర్పడంతో నా నడక వీడియోలోకి ఎక్కలేదు. ‘ఆడపిల్ల గుర్రాలవాడిలా ముందు నడిచింది’ అని అమ్మ ఊరెళ్ళేదాకా సణిగింది. చిన్నప్పటి నుంచీ నన్ను మొద్దు అనిపించిన మౌనమే దానికి ఎందుకు నచ్చిందో, లాగినవాళ్ళని కాదని లాగనిదాని వెంట ఎందుకు వచ్చిందో చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆ తర్వాత గోడవారన నడవడం మాత్రం తగ్గింది.

మేనత్తకి ‘గుమ్మడికాయ అత్తయ్య’ అని పేరు పడింది. ఏ పెళ్ళిలో కలిసినా అదే మాట, అదే నవ్వు. ఆవిడ మళ్ళీ ఢిల్లీ గడప తొక్కలేదు. ఇప్పుడు మా వైశాలి వైపు పెళ్ళికొడుకులు పైకప్పు లేని కార్లలో వస్తున్నారు. అక్కడక్కడా ఒక గుర్రం కనిపించినా ఒంటినిండా బ్యాటరీ దీపాలు, పప్పు తినిపించే చెల్లెలికి బదులు పక్కన నిలబడి ఫొటోలు తీసుకునే చెల్లెళ్ళు. కరోల్ బాగ్‌లో నేను రాసుకుంటూ నడిచిన గోడలు లేవు. నవ్వడానికి మాత్రం ఆ క్యాసెట్ మిగిలింది. ఇన్నేళ్ళూ మేమందరం కాలవలో పడ్డ తలపాగా చూశాం, పోయిన పరువు చూశాం. దాని ఊపిరి తెలిసిన నేను కూడా వంగి దాని కాళ్ళకేసి చూడలేదు. ఆ ఎరుపు కుంకుమేనని మేనకోడలికి ఏ ధైర్యంతో చెప్పానో నాకే తెలియదు.

మేనత్త పోయిన ఆషాఢంలో పోయింది. అంతకు కొద్దిరోజుల ముందు ఫోన్ చేస్తే, చెవి వినపడక పెద్దగా అరుస్తూ అందరి క్షేమమూ అడిగింది. ఇక పెట్టేస్తుందనుకున్నాను. అంతలో, పక్కన ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

“అది సరేగానీ అమ్మడూ, ఆ రోజు ఆ గుర్రానికి దెబ్బేం తగల్లేదు కదే?”