ఆ సమాధిలో మా తమ్ముడు లేడు

పదేళ్లుగా ఒక శవాన్ని మోస్తున్నాను. మాట వరసకి అనడం లేదు. ఆ శవం ఎవరిదో నాకు తెలియదు. మా తమ్ముడిది కాదని మాత్రం మొదటి రోజే తెలుసు. తెలిసీ, మావాడేనని సంతకం పెట్టాను. మీరెవరో నేనెరగను, నేనెవరో మీకు చెప్పను. కాబట్టే నోరు పెగులుతోంది.

మాది దివిసీమ. మూడో తరగతితో బడి మానేసి, గోడల మీదా బోర్డుల మీదా అక్షరాలు దిద్దుతూ చదువు నేర్చుకున్నాను. ఊళ్లో ఆర్టిస్టు గారంటారు. తమ్ముడు మిలట్రీలో చేరాడు. మంచుకొండల్లో కాపలా కాసి, ఎడమ కాలి వేళ్లు రెండు పోగొట్టుకుని, పదిహేనేళ్లకి ఇంటికొచ్చాడు. వస్తూ తాగుడు కూడా తెచ్చుకున్నాడు. వాడి కాలివేళ్లు తీసుకుని రమ్ము చేతిలో పెట్టి పంపారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆ కోపం చాటున ఎంతకాలం దాక్కుంటాను?

భార్యనీ ఆరేళ్ల కూతుర్నీ వదిలేసి గుడివాడ బస్టాండులో పడి ఉండేవాడు. మూడుసార్లు వెళ్లి తీసుకొచ్చాను. మూడుసార్లూ పారిపోయాడు. అవి సారా వద్దని ఆడవాళ్లు రోడ్డెక్కిన రోజులు. గోడలకి నినాదాలు రాసేవాణ్ణి, మైకు దొరికితే గంటసేపు దంచేవాణ్ణి. ఒక సభలో వెనక నుంచి ఎవడో అరిచాడు: "ఆర్టిస్టు గారండీ, ఆ ముక్కేదో గుడివాడ బస్టాండు గోడ మీద రాయండి. మీ తమ్ముడు పడుకుని చదువుకుంటాడు!" జనం విరగబడి నవ్వారు. ఆడవాళ్లు కూడా. తమ్ముడు చస్తే బాగుండునని మొదటిసారి అనుకున్నది ఆ రోజే.

నెల తిరక్కుండా బందరు నుంచి కబురొచ్చింది. కాలవలో శవం దొరికింది, ఒంటి మీద మిలట్రీ చొక్కా ఉంది, వచ్చి చూసుకోమని. వెళ్లాను. చొక్కా మా వాడిదే. మొహం నీళ్లలో నాని గుర్తుపట్టేలా లేదు. దుప్పటి ఎత్తి ఎడమ కాలు చూశాను. ఐదు వేళ్లు. మళ్లీ లెక్కపెట్టాను. ఐదే. కుడిచేతి మీద పచ్చబొట్టు, ఒక ఆడమనిషి పేరు. ఇదెవరని కానిస్టేబుల్ అడిగాడు. మిలట్రీవాడు కదండీ, ఎక్కడ ఎవరున్నారో అన్నాను. అలా బతికున్న తమ్ముడికి లేని మనిషిని కూడా అంటగట్టాను.

ఎందుకు చేశాను? డబ్బుకి ఆశపడలేదు, నమ్మండి. అలసిపోయానంటే సగం నిజం. తలెత్తుకుని మైకు పట్టుకోవాలన్నది మిగతా సగం. తాగి చచ్చినవాడు సభలకి పనికొస్తాడు, తాగి బతికున్నవాడు పనికిరాడు. ఆ తర్వాత సభల్లో వాడి చావు గురించి నేనే చెప్పాను. జనం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు ఎవరి కోసమో ఇప్పటికీ తేల్చుకోలేను.

పెట్టె మూసే ఇంటికి తెచ్చాం. మరదలు గడప దాటి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కంట తడి లేదు.

"బావగారూ, ఎడమ కాలు చూశారా?"

"చూశానమ్మా."

"మీ కళ్లతో చూశారా?"

"చూశాను. మనోడే. లోపలికి పదమ్మా."

"అయితే సరేనండి" అని, చేతి గాజులు తనే తీసి అరుగు మీద పెట్టింది.

పాస్టరు గారు ప్రార్థన చేశారు. సమాధుల తోటలో పూడ్చిపెట్టాం. పలక మీద తమ్ముడి పేరు నేనే రాశాను. ఏటా సమాధుల పండుగకి సున్నం వేసి, ఆ పేరు మళ్లీ దిద్దాను. ఎనిమిదేళ్లు.

ఎనిమిదో ఏడు తమ్ముడు బస్సు దిగాడు. ఎవరో దయగలవాళ్లు చేరదీసి తాగుడు మాన్పించారట. మరదలు వాకిట్లో చేపలు తోముతోంది. వాడి మొహం కంటే ముందు ఎడమ కాలు చూసింది. చెప్పులో మూడే వేళ్లు. తర్వాత తలెత్తి, అరుగు మీదున్న నన్ను చూసింది. ఒక్కసారే. ఇది జరిగి రెండేళ్లు. నాకు అన్నం పెడుతుంది, బావగారూ అని పిలవడం మానేసింది.

వాడిప్పుడు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటున్నాడు. చుక్క ముట్టడు. రోజూ కూతురి సైకిలు తుడిచి గాలి కొట్టి పెడతాడు. అది వాణ్ణి నాన్నా అనదు, 'ఆయన' అంటుంది. ఎనిమిదేళ్లు చచ్చిపోయిన తండ్రి మరి. వాణ్ణి వెతికే దిక్కు లేకుండా చేసింది ఎవరు? తాగుడా? నేను కాదూ?

వాడు నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. బస్టాండులో చలికి వణుకుతున్నవాడెవడికో ఆ చొక్కా తనే ఇచ్చాడట. "నా చొక్కా చూసి పొరబడ్డావు, తప్పు నాదే అన్నయ్యా" అన్నాడు. పేరు తెలుసా అంటే, అక్కడ ఎవరూ పేర్లు అడుక్కోరన్నాడు. తన పేరు చెరిపేసి, ఏటా ఆ సమాధికి వాడే సున్నం వేస్తున్నాడు. మొన్న పండుగకి బ్రష్షు నా చేతిలో పెట్టి, ఏదో ఒకటి రాయి అన్నయ్యా, బోసిగా ఉందన్నాడు. పక్కనే కొవ్వొత్తులు వెలిగిస్తున్న మరదలు ఆగి, నా చేతి వంక చూసింది.

రాయాల్సిన మాట నాకు తెలుసు. చేయి వణికింది. చూపు ఆనడం లేదని చెప్పి బ్రష్షు తిరిగి ఇచ్చేశాను.

దేవుడి దగ్గర చాలాసార్లు ఒప్పుకున్నాను. అది తేలిక. ఆయన ఎదురు ప్రశ్న వేయడు. మనిషి దగ్గర ఇదే మొదటిసారి. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. నా ఇంట్లో ముగ్గురి చేతిలో ఉంది, వాళ్ల ముందు నోరు లేవదు. నాలుగో మనిషి పేరు మాత్రమే నాకు తెలుసు. పలక మీద రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. చిత్రం, ఇప్పుడు చేయి వణకడం లేదు.

ఆ పచ్చబొట్టు పేరు నాంచారమ్మ.

అమ్మా, మీ మనిషి కోసం ఇంకా ఎదురుచూస్తున్నారేమో. చూడకండి. ఊరి పేరు రాయలేని పిరికివాణ్ణి. మా సమాధుల తోటలో, తూర్పు గోడ పక్కన, పేరు లేని పలక కింద ఉన్నాడు. ఎడమ కాలికి ఐదు వేళ్లూ ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.